ఎనిమిదేనండీ!

"మీ కొత్త సర్వర్‌లో కోర్లు ఎన్నండీ?"

కైకలూరు చేపల రైతుల సంఘం ఆఫీసులోకి వచ్చిన పెద్దావిడ కుర్చీలో కూర్చోకముందే ఆ ప్రశ్న వేసింది.

సంఘం కార్యదర్శి కృష్ణబాబు చేతిలో టీ గ్లాసు సగం దారిలో ఆగిపోయింది.

కొల్లేటి ఊళ్లలో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి "ఎన్ని?" అని అడిగితే జవాబు ఒకటే. ఉన్నదాంట్లో నాలుగో వంతు. ఇరవై ఎకరాల చెరువు ఐదెకరాలే. మిగతా పదిహేనూ గట్లే!

సర్వర్‌లో ఉన్నవి ముప్పై రెండు.

"ఎనిమిదండీ" అన్నాడు కృష్ణబాబు.

పక్క బల్ల దగ్గర కంప్యూటర్ చూసుకునే అలేఖ్యకి పొలమారింది.

సంఘం బాధ సంఘానిది. కోరు అంటే సర్వర్ లోపలి మెదడు అనుకోండి. బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు ఆ మెదళ్ల లెక్కన. ఆ రూలు పుట్టిన రోజుల్లో సర్వర్‌కి రెండో నాలుగో ఉండేవి. సంఘం పాత సర్వర్‌కి ఎనిమిది. అది ఆ మధ్య కాలం చేసింది. కొత్తది కొనబోతే, వీళ్లకి దొరికినవాటిల్లో అన్నిటికంటే చిన్నదానికే ముప్పై రెండు! ఎనిమిది పనిచేస్తాయి, ఇరవై నాలుగు కూర్చుంటాయి. కూర్చున్నవాటికీ లైసెన్సే.

సంఘం కోరుకున్నది కోర్లని, కంపెనీ చూపించింది కోరల్ని. ఆ లైసెన్సులో సెన్సు ఒక్కటే తక్కువ.

నాలుగింతలు కట్టే తాహతు సంఘానికి లేదు. లైసెన్సు లేకపోతే బిల్లు రాదు. బిల్లు రాకపోతే చేపల లారీ కదలదు. కొత్త సర్వర్‌కి లైసెన్సు తీసుకోడానికి కంపెనీ ఇచ్చిన నెల గడువు శుక్రవారంతో సరి.

"నా పేరు రాజ్యం అండి. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచే వచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పండి. మీ మంచికే అడుగుతున్నాను."

'మీ మంచికే' అన్నాక కృష్ణబాబు అనుమానం రెండింతలైంది. చెరువులు కొలవడానికి వచ్చినవాళ్లంతా ఆ మాటే అన్నారు మరి.

"ఎనిమిదేనండీ."

"ఎనిమిది కోర్లది ఇప్పుడు ఎక్కడ దొరికిందండీ మీకు?"

"కోరికోరి వెతికామండీ."

"ఒకసారి చూడొచ్చా?"

"గది తాళం మా ప్రెసిడెంటు గారి జేబులో ఉందండీ. జేబు ఆకివీడు పెళ్లికెళ్లిందండీ."

ఆవిడ అలేఖ్య వైపు తిరిగింది.

"అమ్మాయ్, నువ్వు చెప్పమ్మా."

అలేఖ్య తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివింది. ముప్పై రెండు లెక్కపెట్టడం వచ్చు. కృష్ణబాబు కనుబొమలు చదవడమూ వచ్చు.

"ఎనిమిదేనండీ మేడమ్."

రాజ్యం నిట్టూర్చి ఫారం మీద ఎనిమిది వేసింది. కృష్ణబాబు సంతకం గీకి, సంచిలో రెండు కొరమీనులు చేతికివ్వబోయాడు.

"వద్దండీ." గుమ్మం దగ్గర ఆగింది. "మనసు మారితే ఫోన్ చేయండి. శుక్రవారం దాకా ఆఫీసులోనే ఉంటాను."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి కృష్ణబాబు గట్టిగా నవ్వాడు.

"కొరమీను కాదందంటే ఖాయంగా ఆఫీసరే! మనిషైతే రెండు చేతులా తీసుకునేది."

శనివారం పొద్దున లైసెన్సు వచ్చింది. అలేఖ్య ఎక్కించింది. తెర మీద రెండు ముక్కలు పడ్డాయి.

అనుమతి ఎనిమిది. ఉన్నవి ముప్పై రెండు.

అంతే, సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. బయట మూడు లారీల చేప ఐసులో ఉంది.

"పట్టించేసిందే ఆవిడ!" కృష్ణబాబు బల్ల గుద్దాడు. "దొంగచాటుగా చూసిపోయి మన కొంప ముంచింది!"

"ఆవిడ గదిలోకే వెళ్లలేదు కదండీ. మెషినే లెక్కపెట్టుకుంది."

"మెషినుకి నోరుందా? నువ్వే చెప్పుంటావు. మన ఉప్పు తింటూ..."

అలేఖ్య లేచి నిలబడింది.

"మీకోసం అంత పెద్దావిడ మొహం మీద అబద్ధం ఆడానండీ. నన్నా మీరనేది?"

క్యారేజీ సంచిలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

కృష్ణబాబు కంపెనీకి ఫోన్ కొట్టాడు. ఫణికిరణ్ అనే కుర్రాడు ఎత్తాడు.

"మీ రాజ్యం మాకు నమ్మకద్రోహం చేసిందయ్యా!"

"రాజ్యం గారాండీ? మీరు చెప్పిందే రాశారు కదండీ. పెదపాడు సంఘం వాళ్లు ముప్పై రెండన్నారు. ఎనిమిదింటి ధరకే ముప్పై రెండూ ఇచ్చేశాం."

కృష్ణబాబు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"అదెలాగయ్యా?"

"పాత కస్టమర్లకి కొత్త మెషిన్‌లో ఎన్ని కోర్లున్నా పాత ధరే అని రూలు మార్పించారండీ ఆవిడ. మూడేళ్లు పోట్లాడారు. ఉత్తరం రాస్తే మీరంతా తగ్గించి రాస్తారని, సొంత ఖర్చులతో ఊరూరా తిరిగారు."

"ఆ ముక్క మాతో అనొచ్చు కదా!"

"ముందే చెబితే ఉన్నవాటికంటే ఎక్కువ రాయించుకుంటారని కంపెనీ చెప్పనివ్వలేదండీ."

"బాబ్బాబూ, ముప్పై రెండని దిద్దు. ఆవిణ్ణి ఒక్కసారి పిలు. కాళ్లు పట్టుకుంటాను."

"ఆ అవకాశం నిన్నటితో ఆఖరండీ. ఆవిడ ఉద్యోగం కూడా నిన్నటితోనే ఆఖరు. మీరు ఫోన్ చేస్తారేమోనని మీ ఫారం ఎదురుగా పెట్టుకుని, ఆఫీసు మూసేదాకా కూర్చున్నారు."

కృష్ణబాబు గొంతు తగ్గింది. బహుశా జీవితంలో మొదటిసారి.

"మాకోసం ఆవిడకెందుకయ్యా అంత తాపత్రయం?"



"కోరుకి ఇంతని వసూలు చేయాలన్న ఆ పాత రూలు, ఇరవై ఏళ్ల కిందట రాసింది ఆవిడేనండీ."