వంకీల ఊలు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. చెయ్యి ఇంకా మెల్లగానే సాగుతుంది.

మంచాన పడ్డాక మా ఆయన గళ్లు తేలేలా ఒక మఫ్లరు సగం అల్లారు. ఆయన పోయాక మిగతాది నేను అందుకున్నాను. కొత్త చెయ్యి కదా, ఒక కుట్టు జారింది. కోడలు అక్కడిదాకా విప్పమంది. ఎక్కడ ఆగాలో తెలీక విప్పుతూ పోయాను.

“అయ్యో అత్తయ్యా! మామయ్యగారు అల్లింది కూడా విప్పేశారు!”

ఒళ్లో ఊలు కుప్ప పడింది. పోగంతా వంకీలే.

“ఏడవకండి. తడిపి ఆరేస్తే వంకీలు పోతాయి. మళ్లీ కొత్త ఊలే.”

“వద్దే. అవి ఆయన వేళ్లు వంచిన వంకీలు.”

“మీ పిచ్చి గానీ, అల్లిక ఎగుడుదిగుడుగా వస్తుంది!”

“రానీ. ఆయన నడకా అంతేగా.”

ఆ ఊలుతోనే మొదలుపెట్టాను. నేను అల్లిక పుల్ల తిప్పకముందే పోగు తనంతట తానే వంగుతోంది.

— మఫ్లరు మామ్మ, అరవై తొమ్మిదేళ్లు, ఇప్పుడు కోడలి ఇంట్లో.