ముల్లు లేని పులుసు

ఆ ఆదివారం కృపారాణికి కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి దగ్గరికి వెళ్తుంది, మూత తీస్తుంది, వాసన చూస్తుంది, మళ్ళీ మూత పెడుతుంది. వీధి గుమ్మంలోకి వచ్చి చూస్తుంది. అంతలోనే మళ్ళీ పొయ్యి దగ్గరికే. పొద్దున చర్చిలో అయ్యగారు ఏం చెప్పారో ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు.

రేపల్లె పాసింజరులో అత్తగారు సారమ్మ వచ్చే వేళయింది. ఇవాళ తీర్పు ఆవిడదే.

గొడవంతా ఒక కొరమీను దగ్గర మొదలైంది. కిందటి వానాకాలం తెనాలి మార్కెట్లో బతికున్న చేపను కొని, సంచి ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది కృపారాణి. దారి పొడుగునా అది సంచిలో కొట్టుకుంటూనే ఉంది. కడుపులో బిడ్డ తన్నినట్టే ఉంది ఆ కదలిక. ఇంటికి పోకుండా ఆటోని కాలవ గట్టుకి పోనిమ్మని, దాన్ని నీళ్ళలో వదిలేసి వచ్చింది. ఆ రోజుతో చేప మానేసింది. తరవాత కోడి, గుడ్డు. ఆఖరికి పాలు, పెరుగు కూడా.

మానేసి నోరు కట్టుకుందా అంటే, అదేం లేదు. వంటింట్లోకి కొత్తగా కాపురానికి వచ్చినట్టుంది తనకి. పనసపొట్టులో ఆవపిండి కలిపింది. వేరుశెనగ పాలు తీసి, పచ్చిమిరప తొడిమలతో తోడు పెట్టి పెరుగు చేసింది. వంకాయ కాల్చి నువ్వుల పొడి చల్లింది. వండుతూ వండుతూ పాటలు కూడా పాడుకునేది.

ఆమె భర్త శాలేమురాజు బాపట్లలో గుమాస్తా. రోజూ రైల్లో వెళ్ళొస్తాడు. వారమంతా కిక్కురుమనకుండా తిని, క్యారియరు కడిగినట్టు తెచ్చేవాడు. ఆదివారం వస్తే మాత్రం పూనకం వచ్చేది.

“ఆదివారం నీసు లేని ఇల్లు ఇల్లేనటే? నాన్న అరటి తోటల్లో కూలికెళ్ళే రోజుల్లో కూడా మాకు చేపల పులుసు తప్పలేదు తెలుసా?”

“మళ్ళీ అత్తయ్య పులుసు కథ మొదలెట్టారా?”

“కథ కాదే. ఒక్క ముల్లు నోటికి తగలనిచ్చేది కాదు అమ్మ. ఎప్పుడు కూర్చుని ఏరేదో ఏమో! కోసేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు, కత్తిపీట తగులుద్దని. పిల్లి కూడా మా గుమ్మం ఎక్కేది కాదు. అమ్మంటే అంత హడలు!”

పెళ్ళైన కొత్తలో కృపారాణి వండని చేప లేదు. కొరమీను, వాలుగ, బొచ్చె. ఎన్ని వండినా ఒకటే మాట, “బావుంది గానీ, అమ్మ పులుసులా లేదు.” పోనీ మీరే ఒకసారి పెట్టండి అత్తయ్యా అంటే, “ఇప్పుడు నా చేతులు పనిచెయ్యట్లేదే” అని సారమ్మ తప్పించుకునేది.

కిందటి వారం మాటా మాటా పెరిగింది.

“అరటికాయతో పులుసు పెట్టి చూపిస్తా” అంది కృపారాణి రోషంగా.

“పెట్టు! అమ్మ తిని, ఇది నా పులుసే అనాలి. అంటే ఈ ఇంట్లో మళ్ళీ చేప ఊసెత్తను. అనలేదో, వచ్చే ఆదివారం నుంచి నేను తెస్తా, నువ్వు కోస్తావు.”

సరే అనేసింది. అనేశాక తెలిసింది, ఎంత పని చేసిందో. నిజం చేపతోనే ఏనాడూ రాని రుచి, అరటికాయతో వస్తుందా?

సారమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని కూర్చుంది. ఒళ్ళో ఆ సంచి ఇంకా కొట్టుకుంటున్నట్టే ఉంది కృపారాణికి. అన్నం పెట్టి, పులుసు వడ్డించింది.

“అమ్మా, మొహమాటపడకు. కోడలని జాలిపడకు” అన్నాడు రాజు ముందే.

సారమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ముక్కని వేళ్ళతో చిదిమి చూసింది.

“దేంతో చేశావే ఇది?”

“అరటికాయండి, అత్తయ్యా. తొక్క తీసి, చక్రాలు కోసి వేశాను.”

సారమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కోడలి వంక చూసింది. కొడుకు వంక చూసింది.

“చెప్పమ్మా! నీ పులుసేనా?”

“కాదు” అంది సారమ్మ.

రాజు తొడ చరిచాడు. “విన్నావా? ఇక కత్తిపీట నూరించుకో!”

కృపారాణి పులుసు గిన్నె మీద మూత పెట్టేసింది.

“ఊరికే కేకలెయ్యకురా” అంది సారమ్మ లేస్తూ. “కాసేపాగు. నా పులుసే తిందువుగాని.”

రాజు మొహం వెలిగిపోయింది. “చేతులు పనిచెయ్యట్లేదన్నావుగా! ఉండు, చిటికెలో మార్కెట్‌కెళ్ళి చేప పట్టుకొస్తా.”

“ఎక్కడికీ పోనక్కర్లేదు. అక్కడే కూర్చో. వంటింట్లోకి మాత్రం రాకు.”

“చూశావా కృపా? ఇంకా అదే అలవాటు!” అని పగలబడి నవ్వాడు రాజు.

కృపారాణి తల దించుకుని అత్తగారి వెనకాలే వంటింట్లోకి నడిచింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

“అత్తయ్యా, మీరు తిట్టినా సరేనండి. నేను చేప కొయ్యలేను.”

సారమ్మ తలుపు దగ్గరగా వేసింది. కత్తిపీట వాల్చి కూర్చుని, బుట్టలో మిగిలిన అరటికాయ ఒకటి చేతిలోకి తీసుకుంది.

“చక్రాలు కాదే పిచ్చిదానా, ఇలా ఏటవాలుగా తొక్కతోనే కోసి, చింతపండు రసంలో నానబెట్టాలి,” అంది గొంతు తగ్గించి, “వాడి చిన్నప్పుడు చేపలు కొనే తాహతు మాకెక్కడిదే?”