ఏ భుజం ముందు?

"మా తాతని నదిలో ఎక్కడ పడేశారో చెప్పండి చాలు, వెళ్ళిపోతాను," అంది లుద్వికా, గేటు దగ్గరే నిలబడి.

పరాస్కా ముసలమ్మ చేతిలో బీట్‌రూట్ దుంపలు అలాగే ఉండిపోయాయి. "మీ తాత ఎవరే తల్లీ?"

"బ్రొనిస్వావ్. నలభై ఎనిమిదేళ్ళ కిందట, యుద్ధంలో మీ ఉక్రెయిన్ వాళ్ళూ మా పోలిష్ వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నప్పుడు, ఈ ఊళ్ళోనే మాయమయ్యాడు. మా అమ్మమ్మ ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుంది. ఆయన కలిసిన మట్టి గుప్పెడు తన శవపేటికలో వేయమంది. నది ఒడ్డు మట్టయినా సరే, పట్టుకెళ్తాను."

ముసలమ్మ దుంపలు పడేసి గబగబా శిలువ గుర్తు వేసుకుంది. కుడిభుజం ముందు, ఎడమభుజం తర్వాత. లుద్వికాకి ఒళ్ళు మండింది. ఎడమభుజం ముందు తాకేవాడు మన పోలిష్ వాడు, కుడిభుజం ముందు తాకేవాడు ఉక్రెయిన్ వాడు, వాడి గడప తొక్కకు అని జిగ్ముంత్ తాత ఉగ్గుపాలతో నేర్పాడు మరి. అమ్మమ్మకి స్వయానా తమ్ముడాయన. ఇంతదూరం తోడొచ్చి కూడా రోడ్డు మీద కారులోనే కూచున్నాడు. "మా బావని నదిలో తోసినవాళ్ళ వాకిట్లో నేను కాలు పెట్టను" అన్నాడు. డెబ్బై ఏళ్ళొచ్చినా కోపం చావలేదు.

"మా బ్రొనిస్వావ్, మా బ్రొనేక్ మనవరాలివా!" ముసలమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. "నేను వాడి చెల్లెల్నే!"

"మీరా? మీరు ఉక్రెయిన్ వాళ్ళు కదా!"

"అయితే? నాన్న పోలిష్, అమ్మ ఉక్రెయిన్. మగపిల్లలు నాన్న చర్చికి, ఆడపిల్లలు అమ్మ చర్చికి. అప్పుడు ఇలాంటి ఇళ్ళన్నిట్లో అదే పద్ధతి. ఒకే కంచంలో తిన్నాం నేనూ మా అన్నా."

"మరి ఆ అన్నని మీవాళ్ళు చంపుతుంటే చూస్తూ కూచున్నారా?"

"నోరు జారకు!" ముసలమ్మ గొంతు లేచింది. "తెల్లారిందన్న మాటేగానీ పొగమంచు, పక్కమనిషి మొహం కూడా పోల్చుకోలేం. నలుగురొచ్చారు, మొహాలకి గుడ్డలు. 'ఎవడివిరా? శిలువ వేసుకో చూద్దాం' అన్నారు మా ఉక్రెయిన్ భాషలోనే. ఉక్రెయిన్ వాళ్ళే అనుకున్నాడు మా అన్న, పిచ్చిమాలోకం. ప్రాణం తీపి కదా! అమ్మ వేసుకున్నట్టే కుడిభుజం ముందు తాకాడు. అంతే, కాల్చేశారు."

"అంటే?"

"అంటే ఏముంది, వాళ్ళు మీ పోలిష్ వాళ్ళే! భాష మార్చి అడిగారు. గడ్డివాములో దాక్కుని చూశాను. పడిపోయినవాడి మొహం దగ్గరగా చూడగానే వాళ్ళలో ఒకడు పోలిష్‌లో గొల్లుమన్నాడు. వాడే ఏడుస్తూ గొయ్యి తవ్వి పూడ్చాడు."

"అబద్ధం! ఇన్నేళ్ళూ మాకెందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పనే? ఏడాది తిరక్కుండా సర్కారు మీ పోలిష్ వాళ్ళందర్నీ రైలెక్కించి సరిహద్దు దాటించేసింది. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. రా."

పశువుల కొట్టం వెనక దుంపల మడి. మధ్యలో నాలుగడుగుల నేల మాత్రం ఏమీ వేయకుండా వదిలేసి ఉంది.

"ఇక్కడ బేరిచెట్టుండేది. దాని మొదట్లో పూడ్చాడు. చెట్టు గాలివానకి పోయి పాతికేళ్ళైంది."

లుద్వికా మోకరిల్లింది. గుప్పెడు మట్టి తీసి రుమాల్లో మూటకట్టింది. శిలువ గుర్తు వేసుకోబోతే చెయ్యి నుదుటి దగ్గరే ఆగిపోయింది. ఏ భుజం ముందు తాకాలో తోచలేదు. భోరున ఏడ్చింది. ముసలమ్మ కూడా పక్కన కూచుని ఏడ్చింది.

కారు దగ్గరికి నడుస్తూ లుద్వికా ఒకటే అనుకుంది. జిగ్ముంత్ తాతకి ఇదేమీ చెప్పకూడదు. మనవాళ్ళే చంపారని తెలిస్తే ఆ గుండె తట్టుకోలేదు.

"దొరికిందా?" అన్నాడు జిగ్ముంత్ తాత.

"దొరికింది తాతా," అని మూట ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన ముడి విప్పాడు. మట్టిని వేళ్ళతో నిమిరాడు.

"బేరిచెట్టు మొదట్లోదేనా?" అన్నాడు.