వారానికో కుర్రాడు

టైలరమ్మ గీసిన బొమ్మను మాస్టారు దూరంగా పట్టుకుని చూశారు, దగ్గరగా పట్టుకుని చూశారు. చివరికి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

“పోయిన వారం గీసినవాడు వీడు కాదు కదమ్మా.”

“వాడేనండీ.”

“వాడికి బుగ్గలున్నాయి. వీడికి దవడలొచ్చాయి. ఇద్దరూ ఎదురుపడితే ఒకరినొకరు గుర్తు కూడా పట్టరు.”

క్లాసంతా నవ్వింది. “పెరిగే వయసు కదండీ,” అంది టైలరమ్మ. పిల్లల బట్టలకు లోపల మడత వదిలేటప్పుడు ఆమె రోజూ చెప్పే మాటే అది.

పేటలోని కళాకేంద్రంలో శనివారం క్లాసంటే సగం బొమ్మలు, సగం కాలక్షేపం. గోడౌను లాంటి హాలు, రంగులంటిన బల్లలు, సరిగ్గా మూతపడని కిటికీ. వచ్చేవాళ్లు పూలో కొండలో గీసుకుని ఇంటికి పోతారు. బట్టలు సరిచేసే కొట్టు నడుపుకునే టైలరమ్మ మాత్రం చేరిన రోజు నుంచీ ఒకటే పట్టు పట్టింది. పదిహేడేళ్ల తన కొడుకు మొహం గీయాలి. అదీ ఈ బ్యాచి అయ్యేలోపు గీయాలి, ఎందుకంటే ఆ తర్వాత కేంద్రాన్నే మూసేస్తున్నారు.

పట్టుదల కొండంత ఉంది కానీ చెయ్యే మాట వినదు. కత్తెర పట్టుకుంటే తిన్నగా పోయే చెయ్యి పెన్సిల్ పట్టుకుంటే వంకర్లు పోయేది. వారానికో కుర్రాడు తయారయ్యేవాడు. ఒకడికి చెవులు పెద్దవి, ఇంకొకడికి మెడ పొడుగు. అందరిలోనూ మారనిది ఒక్కటే, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన చిన్న గాటు. అది పొరపాటనుకుని మాస్టారు ఒకసారి రబ్బరుతో చెరిపేశారు. ఆమె మళ్లీ గీసింది.

“ఊహించి గీస్తే ఇలాగే ఏడుస్తుంది,” అని మాస్టారు విసుక్కున్నారు. “అబ్బాయిని ఒక్క శనివారం తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టు. గంటలో తేల్చేస్తాను.”

“ఇంటిపట్టున ఉండడండీ.”

“ఆ వయసులో ఎవడుంటాడులే,” అన్నారు పక్క బల్ల దగ్గరి రిటైరైన పోస్టుమాస్టరు. తన మనవడు తిండికి తప్ప ఇంట్లో కాలు పెట్టడనీ, వాడి మొహం తనకీ సరిగ్గా గుర్తులేదనీ చెప్పి అందర్నీ మళ్లీ నవ్వించారు. నవ్వకపోతే బాగుండదని టైలరమ్మ కూడా నవ్వింది.

ఇంట్లో ఇంకో తంటా. మొగుడు గడ్డం గీసుకుంటుంటే ఆమె అద్దం పక్కన నిలబడి అతని దవడనే చూసేది. మీసం ఏ వయసులో వచ్చింది, ముందు పెదవి చివర్లలో మొలిచిందా, మధ్యలోనా అని ఆరా తీసేది. మొదట్లో అతనూ ఓపిగ్గా చెప్పేవాడు. రానురాను సబ్బు నురగ మొహంతోనే బయటికి వెళ్లిపోయేవాడు. ఒకరోజు మాత్రం గుమ్మంలో ఆగాడు.

“ఎందుకే ఇదంతా? నువ్వు గీసినంత మాత్రాన ఏమొస్తుంది?”

ఏమీ రాదని ఆమెకూ తెలుసు. ఆశ ఎప్పుడో అడుగంటింది. అయినా శనివారం వచ్చేసరికి కాళ్లు అటే లాక్కెళ్లేవి.

ఆఖరి క్లాసు రోజున హాల్లో గోడల మీది బొమ్మలన్నీ దించేస్తున్నారు. ఆ చప్పుళ్ల మధ్యే ఆమె తలెత్తకుండా గీసింది. దవడ మొగుడిది, ముక్కు తమ్ముడిది, కళ్లు తనవి. నూనూగు మీసాలు. చీలిన కనుబొమ్మ. మాస్టారు వెనక నిలబడి చాలాసేపు చూశారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

“ఇన్నాళ్లకి మనిషిని గీశావమ్మా.”

“వాడిలా ఉన్నాడంటారా మాస్టారూ?”

“నేనెప్పుడైనా చూశానా వాణ్ణి? అది నువ్వు చెప్పాలి.”

ముక్కూ మొహం తెలియని కుర్రాడెవడో కాగితంలోంచి తనను చూస్తున్నట్టు అనిపించింది ఆమెకు.

మంచి ఫ్రేము కట్టించుకోమన్నారు మాస్టారు. ఇంట్లో పెట్టుకోవడానికి కాదండీ అని గొణిగి, బొమ్మను చుట్టి చంకలో పెట్టుకుని బయటపడింది. దారిలో జిరాక్సు కొట్టు దగ్గర ఆగింది. కొట్టతనికి ఆమె కొత్త కాదు, ఎన్ని కాపీలని అడగకుండానే తీసిచ్చాడు. ఆ కాగితాలూ జిగురు డబ్బా పట్టుకుని బస్టాండుకు నడిచింది.

ఆ నూనూగు మీసాల కుర్రాణ్ణి స్తంభం మీద, అదే చీలిన కనుబొమ్మ ఉన్న మూడేళ్ల పిల్లవాడి వెలిసిపోయిన ఫోటో పక్కన, ‘కనబడుటలేదు’ అన్న పాత అక్షరాల కింద అంటించింది.