వెళ్లొస్తాననే మాట

"ఒలే పాపా, ఆ ఒక్క మాటా సెప్పకుండా గడప దాటితే ఏటవుద్దో నాకు భయంగా ఉందే" అంది నూకరత్నం, కూతురు ఇంకా చెప్పుల్లో కాళ్లయినా పెట్టకముందే.

హైమ నవ్వి మెడకున్న పట్టీని చూపించింది. దాని మీద పచ్చదీపం వెలుగుతోంది. జీతం రాళ్లలో ఏమీ మిగలనివాళ్లంతా ఇప్పుడు గొంతు అద్దెకిస్తున్నారు. గడువు తీరేదాకా నోరు మెదపకపోతే మొత్తం ఒక్కసారే చేతికొస్తుంది. మధ్యలో ఒక్క మాట జారినా దీపం ఎర్రబడుతుంది, పైసా రాదు. ఆ డబ్బుతో తల్లికి ఇడ్లీబండి కొనాలని హైమ ఆశ. గడువు ఈ వారంతో తీరుతుంది.

అందాకా ఆ గొంతు సిటీబస్సుల్లో "జాగ్రత్తగా వెళ్లి రండి" అని అందరికీ చెబుతోంది. బస్సెక్కిన ప్రతిసారీ నూకరత్నం కళ్లు తుడుచుకుంటూనే దిగుతుంది.

ఈ పొద్దు తుపాను గాలికి ఇంటి రేకులు లేస్తున్నాయి. హైమ రొయ్యల కంపెనీకి బయలుదేరింది. తల్లి గడపకు అడ్డంగా కూర్చుంది.

"మీ నాన్న ఇలాగే గాలివానలో మాటాడకుండా ఎల్లిపోనాడు. మల్లీ వచ్చాడా? బండి లేకపోతే పోనీ, గంప నెత్తినెట్టుకుని అమ్ముకుంటాను. ఊరందరికీ సెప్తావు, కన్నతల్లికి సెప్పవా?"

హైమ తల్లి నెరిసిన పాపిట వైపు చూసింది. తరవాత వంగి, వాడక తుప్పుపట్టిన గొంతుతో ఆమె చెవిలో అంది.

"ఎల్లొస్తానమ్మా."

నూకరత్నం చెంప మీద ఎర్రటి వెలుగు పడింది.