విగ్గుల గల్లీ స్టేషన్

“విగ్గుల గల్లీ స్టేషనా! రేపు రైల్లో ఆ పేరు వినబడితే జనం నవ్వరూ?” అన్నాడు సూర్యప్రకాశరావు.

“నవ్వితే నవ్వనీ సారూ. మీ నెత్తి మీదున్నది గూడ మా గల్లీల కుట్టిందే గద,” అంది కొమురమ్మ వెనక నుంచి.

అసోసియేషన్ హాలు గొల్లుమంది. సూర్యప్రకాశరావు చెయ్యి జుట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది.

కృష్ణానగర్‌లో సినిమాలకి విగ్గులు కుట్టే గల్లీ అది. గల్లీ మొదట్లోనే మెట్రో స్టేషన్ కట్టారు. పేరు మాత్రం పైనున్న జూబ్లీహిల్స్ రోడ్డుది పెట్టారు. మార్చమని అడగ్గా అడగ్గా మెట్రో ఆఫీసు నుంచి స్ఫూర్తి అనే అధికారిణి వచ్చింది. గల్లీ అంతా ఒక్క మాట మీద ఉంటేనే పైకి పంపుతానని ముందే చెప్పేసింది.

కాదంటున్నది సూర్యప్రకాశరావు ఒక్కడే. ఒకప్పుడు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి, గల్లీలో మూడంతస్తుల ఇల్లు కట్టి, గదులు అద్దెకిచ్చుకుంటున్న మనిషి.

“జూబ్లీహిల్స్ అంటే ఓ గౌరవం ఉందండీ మేడమ్. దాన్ని తీసేసి విగ్గులు తగిలించుకుంటామా?”

“నేనొక మాట చెప్త మేడం,” అంటూ మంజులత లేచింది.

నవ్వులు ఆగిపోయాయి. మంజులత సూర్యప్రకాశరావు ఇంట్లోనే కింది గదిలో అద్దెకుంటూ విగ్గులు కుడుతుంది. ఆమె భర్త మల్లికార్జున్ షూటింగుల్లో లైట్లు కట్టేవాడు. పోయిన వానాకాలం ఎత్తు మీంచి పడి, ఆసుపత్రిలో కన్నుమూశాడు.

“మా ఆయన ఇల్లు జేరలే మేడం. అంబులెన్సు గేటు కాడికి వచ్చింది. సారు తాళం తియ్యలే.”

సూర్యప్రకాశరావు గబగబా స్ఫూర్తి వైపు తిరిగాడు. “ధనిష్ఠ నక్షత్రంలో పోయాడండీ. ఆ శవం గడప దాటితే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి. పైన పిల్లాపాపలతో కాపురాలున్నాయి. అద్దెకిచ్చేవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు, కావాలంటే అడగండి.”

ఎవరూ కాదనలేదు. హాల్లో సగం మంది అద్దెకున్నవాళ్ళే. తమ ఇంట్లో ఎవరైనా పోతే ఎక్కడ పడుకోబెట్టాలన్న భయం వాళ్ళకి కొత్త కాదు.

“నేనేమన్లే సార్. మీ ఇల్లు, మీ ఇష్టం,” అంది మంజులత నెమ్మదిగా. “స్టేషన్ మెట్ల కింద పండబెట్టినం మేడం. వాన పడుతుండె. దిగెటోళ్ళు దిగుతనే ఉన్నరు. ఒకడొచ్చి, ‘ఏం సినిమా అక్కా?’ అని అడిగిండు.”

స్ఫూర్తి తల దించుకుంది.

“కాటికైతే ఆ మెట్ల కాడి నుంచే తీస్కపోయినం. ఆయన మాత్రం ఇప్పటికీ ఆ మెట్ల మీదనే కూసుంటడు. పొద్దుగూకంగ నేను పోయి పిలుస్త. లేస్తడు. బోర్డు దిక్కు చూస్తడు. ఇది మన గల్లీ కాదే అంటడు, మళ్ళ కూసుంటడు.”

గల్లీలో అందరూ ఆమెను ఆ మెట్ల దగ్గర చూసినవాళ్ళే. గాలితో మాట్లాడుతుందని జాలిపడి పక్కకి తప్పుకునేవారు. కొమురమ్మ ఒకసారి ఆమెను ఇంటికి తీసుకురావడానికి వెళ్ళింది. రైలు దిగిన జనం తోసుకుంటూ వస్తున్నారు. కానీ చివరి మెట్టు మీద, ఓ మూల, మనిషి కూర్చునేంత చోటు వదిలేసి నడుస్తున్నారు. అలా ఎందుకు నడుస్తున్నారో వాళ్ళకే తెలిసినట్టు లేదు. కొమురమ్మ చెంపలేసుకుని ఒక్కతే తిరిగొచ్చింది.

“చచ్చిపోయినవాళ్ళు బోర్డులు చదువుతారా అమ్మా?” అన్నాడు సూర్యప్రకాశరావు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

“చదువుతడు సార్. పది పాసైండు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“మా గల్లీ పేరు కనపడితే ఆయన ఇల్లు జేరుతడు మేడం. గంతే నేనడిగేది.”

స్ఫూర్తి సూర్యప్రకాశరావు వైపు చూసింది. హాలంతా ఆయన్నే చూసింది. ఆయన మెడ చుట్టూ చెమట తుడుచుకున్నాడు.

“సరే, మార్చండి. నాదేం పోయింది? ఈ పిచ్చితల్లి మనసు కుదుటపడితే అంతే చాలు.”

చప్పట్లు మోగాయి. చాలా కాలానికి ఓ మంచి పని చేసినట్టనిపించింది ఆయనకి.

ఎండలు ముదిరాక ఒక ఉదయం కొత్త బోర్డు ఎక్కింది. గల్లీవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. పేరు చదివి కొందరు ప్రయాణికులు నిజంగానే నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం దీపాల వేళకి సూర్యప్రకాశరావు కిందికి దిగేసరికి, వీధిలో ట్రాలీ ఆటో ఉంది. మంజులత విగ్గులు బిగించే చెక్క తలకాయల్ని ఒక్కొక్కటే అందులో సర్దుతోంది.

“ఇదేంటమ్మా, ఉన్నపళంగా?”

“రహమత్ నగర్‌ల గది దొరికింది సార్, మా అక్కోళ్ళ పక్కన. ఈ నెల కిరాయి కొమురమ్మత్త చేతికిచ్చిన.”

“అద్దె సంగతి కాదు. ఇన్నాళ్ళూ ఉండి, పేరు మారాక వెళ్ళడమేంటి? మీ ఆయన ఇల్లు చేరతాడన్నావుగా?”

“జేరుతడు సార్. ఇప్పుడే మెట్ల కాడికి పోయొచ్చిన. లేచిండు. బోర్డు చూసిండు. మళ్ళ కూసోలే.”

సూర్యప్రకాశరావు గల్లీ మొదటికేసి చూశాడు. స్టేషన్ దీపాలు వెలుగుతున్నాయి. జనం వస్తూ పోతూ ఉన్నారు.

“జర ఆలస్యమైతది,” అంది మంజులత. “నడుం విరిగింది గద, మెల్లగ నడుస్తడు.”

ఆయన పెద్దరికం తెచ్చుకుని నవ్వాడు. “మరింకేం. నీ కోరిక తీరింది. ఇక నిశ్చింతగా ఉండమ్మా.” చివరి మూట తనే ఎత్తి ఆటోలో పెట్టాడు.

ఆటో కదిలింది. మంజులత పక్కకి వంగి, ఆయన ముఖంలోకి చూసింది.

“నేను ఇల్లు మారిన సంగతి ఆయనకు చెప్పలే సార్.”