హారతి ఆర్పినవాడు

కర్పూరం సగం కూడా కాలలేదు. ఇశ్రాయేలు ఒక్క అంగలో వచ్చి హారతి పళ్ళెం మీద అరచెయ్యి బోర్లించి నొక్కేశాడు.

చర్మం కమిలిన వాసన వచ్చింది.

"అయ్యో, శుక్రవారం పూట!" అంటూ రత్నమణి గుండె మీద చెయ్యి వేసుకుంది.

తిరుపతిరావుకి ఒళ్ళు మండిపోయింది. పంతొమ్మిది వందల ఎనభయ్యో సంవత్సరం అది. జగ్గయ్యపేటలో బ్యాటరీ చార్జింగు షాపు పెట్టి నెల తిరగలేదు. సున్నపురాయి లారీలన్నీ తమ గుమ్మం ముందే ఆగాలని వాళ్ళావిడ రత్నమణి మొక్కని దేవుడు లేడు. నిన్నగాక మొన్న బ్యాటరీలు మొయ్యటానికి చేరిన మనిషి దేవుడి దీపం ఆర్పుతాడా?

"మా దేవుడంటే నీకంత గిట్టదట్రా?"

"అది కాదు బాబూ. కిటికీలేసి ఉన్నయ్యి. బ్యాటరీలు పొంగుతున్నయ్యి. నిప్పు చూపించకూడదు."

"పొంగితే మంచిదేగా!" అంది రత్నమణి.

ఆవిడ తప్పేం లేదు. బ్యాటరీలు కుతకుతమని బుడగలు కక్కుతుంటే, పాలు పొంగినట్టు లక్ష్మి పొంగుతోందని చెప్పింది మొగుడే. అందుకే అన్నిటికీ బొట్లు పెట్టి, ఎక్కువ పొంగేదానికి ముందు హారతిచ్చేది.

"ఆ బుడగలు మండుతయ్యి బాబూ."

"విన్నావా బుల్లిబాబూ? నీళ్ళ బుడగలు మండుతయ్యంట!"

గుమ్మంలో ఉన్న లారీ డ్రైవరు బుల్లిబాబు పగలబడి నవ్వాడు. "ఓనరుకే పాఠమా! ఘటికుడేనండీ."

ఏడో క్లాసుతో బడి మానేసినా, తిరుపతిరావుకి ఆ పాఠం నోటికొచ్చు. వచ్చిన ప్రతివాడికీ అప్పజెప్పేవాడు. "లోపల సీసం పలకలు, యాసిడ్. ఆ రెంటికీ లంకె పడితేనే కరెంటు. వాడేకొద్దీ యాసిడ్ పలకల్లోకి ఇంకి నీళ్ళు మిగుల్తయ్. మనం కరెంటు ఎక్కిస్తే పలకలు దాన్ని మళ్ళీ కక్కుతయ్."

అంతా కక్కేశాక కూడా ఎక్కే కరెంటు ఏం చేస్తుందో మాత్రం తెలీదు.

"పోరా బయటికి!" మెడ పట్టి గెంటాడు.

ఇశ్రాయేలు మెట్టు మీద తూలి నిలదొక్కుకున్నాడు. "పోతానండీ. కిటికీలన్నా తీసి వెలిగించండి బాబూ."

మళ్ళీ శుక్రవారం ముసురు పట్టింది. జల్లు కొడుతోందని తిరుపతిరావే కిటికీలు మూశాడు. రత్నమణి తలస్నానం చేసి వచ్చి, పళ్ళెం పట్టుకుని బ్యాటరీ మీదికి వంగింది.

బ్యాటరీ పేలిన చప్పుడుకి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది.

యాసిడ్ ఆవిడ రెండు కళ్ళలోనూ పడింది.

"చార్జింగు నిండాక ఇంకా కరెంటు ఎక్కిస్తే నీళ్ళే విడిపోయి గాలవుతాయయ్యా. ఆ గాలికి చిన్న నిప్పురవ్వ చాలు," అన్నాడు బెజవాడ డాక్టరు. "ఎవరూ చెప్పలేదా?"



మంచం మీంచి రత్నమణి అంది. "చెప్పాడుగా."

కట్లు విప్పారు. చూపు రాలేదు.

తిరుపతిరావు వాకబు చేసుకుంటూ నందిగామ వెళ్ళాడు. ఇంట్లో ఇశ్రాయేలు భార్య జయమణి ఒక్కతే ఉంది. సంగతంతా విని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాళ్ళ మీద పడదామని వెళ్ళినవాడి నోట తీరా నిష్ఠూరమే వచ్చింది. "ఇంకాస్త గట్టిగా చెప్పకపోయాడా అమ్మా! ఏడీ?"

"కోదాడలో ఎవరో కొత్తగా చార్జింగు షాపు పెట్టారంటండీ. కూలికి చేరతానని పొద్దున్నే పోయాడు."

"ఈ వయసులో ఆ మోతలెందుకు? వేరే కూలి దొరకదా?"

"కూలి కోసం కాదయ్యా." జయమణి గొంతు తగ్గింది. "మాకో పాప ఉండేది. నందిగామలో మొట్టమొదటి చార్జింగు షాపు ఆయనదే. క్రిస్మసని ఆ గదిలో పాప చేతికి కొవ్వొత్తి వెలిగించి ఇచ్చిందీ ఆయనే."